కారులో ఒక సీటు ఖాళీగా ఉంచండి

బిడ్డలారా,

వచ్చే ఆదివారం అందరూ కలిసి గోదావరిఖని నుంచి మంథని దాకా, మెయిన్ రోడ్డు వదిలి ఊళ్ల మీదుగా పోతారట. మా మనవడు చెప్పాడు. మంచి ఆలోచన. మీ ప్లానులో రామగిరి ఖిల్లా ఉంది, మంథనిలో గోదావరి రేవు ఉంది, టిఫిన్ ఎక్కడ తినాలో కూడా ఉంది. నడుమ ఉన్న దారి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ దారి పక్క బొగ్గు బాయిల్లో పనిచేసి రిటైరైన వాణ్ని కనుక రెండు మాటలు రాస్తున్నాను.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాటి సెంటినరీ కాలనీ వైపు పోతుంటే పచ్చటి గుట్టలు కనిపిస్తాయి. ఫోటోలకు బాగుంటాయి. అవి గుట్టలు కావు, ఓబీ కుప్పలు. ఓపెన్‌కాస్టు గనిలో టన్ను బొగ్గు చేతికి రావాలంటే దాని మీదున్న మట్టిని, రాయిని ఎన్నో రెట్లు ఎత్తిపోయాలి, ఆ కుప్పలే ఇవి. గుర్తుపట్టడం తేలికే. కుప్ప మెట్లుమెట్లుగా లేస్తుంది, నెత్తి బల్లలా చదునుగా ఉంటుంది. వాన నీళ్లు కోసిన చోట చూస్తే మట్టి, రాయి, నల్ల పొడి అన్నీ కలగాపులగం, ఒక్క పొర కూడా వరుసలో ఉండదు. తర్వాత రామగిరి చూడండి, అసలు గుట్ట ఎట్లుంటుందో తెలుస్తుంది. ఓపెన్‌కాస్టు కోసం లద్నాపూర్ లాంటి ఊళ్లు ఇండ్లూ పొలాలూ వదులుకోవాల్సి వచ్చింది. ఫోటో పెడితే ఆ పేరు కూడా కింద రాయండి.

అండర్‌గ్రౌండ్ సంగతి పైకి కనపడదు. పైకప్పు నిలవాలని బొగ్గునే స్తంభాలుగా వదిలేసి తవ్వుకుంటూ పోతాం. ఆఖరుకు ఆ పిల్లర్లనూ తీసుకుంటూ వెనక్కి వస్తాం. ఆ ఖాళీల్లోకి కొన్ని బాయిల్లో గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో పంపేవాళ్లు. ఇంకొన్నిచోట్ల కప్పును కూలనిచ్చేవాళ్లు, అప్పుడు పైన నేల కుంగుతుంది. చెరువు కాని చోట, తూము కట్ట ఏదీ లేకుండా నీళ్లు నిలిచిన పల్లం కనిపిస్తే, చుట్టూ కంచె ఉంటే, సెల్ఫీ కోసం లోపలికి పోకండి.

సింగరేణి బొగ్గు గనుల చరిత్ర చాలామంది ఇల్లందు దగ్గరే మొదలుపెడతారు. 1871లో అక్కడ బొగ్గు దొరికింది, 1889లో తవ్వకం మొదలైంది. మన దిక్కు బాయిలు తెరుచుకున్నది 1960ల్లో. వెనకాలే కరెంటు, ఎరువులు వచ్చాయి. 1971లో వచ్చిన 62.5 మెగావాట్ల బీ థర్మల్ కరెంటు కేంద్రం 2024లో ఆగిపోయింది. ఎరువుల కర్మాగారం కథ మరీ విచిత్రం. బొగ్గుతో యూరియా చేస్తామని 1980లో మొదలుపెట్టారు, 1999లో మూతపడింది. ఇప్పుడదే చోట ఆర్ఎఫ్‌సీఎల్ గ్యాసుతో నడుస్తోంది. పక్కనే బొగ్గు పెట్టుకుని! నన్నడిగితే ఈ ప్రాంతం గురించి ఏ పుస్తకం కన్నా ఆ ఫ్యాక్టరీ గేటే ఎక్కువ చెబుతుంది.

ఇంకొకటి. 2003 జూన్ 16న సెవెన్ ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబరులో ఎయిట్-ఏ ఇంక్లైన్‌లో కప్పు కూలి 10 మంది పోయారు. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. మీ నాన్నలు మాత్రం ఏదో ఒక బాయిలో మస్టర్ పడ్డవాళ్లే. ఎన్నడైనా అడిగారా?

బాయి చూడాలని ఉంటే గోడ దూకకండి. 2022 చివర్లో ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' అని బస్సు పెట్టాయి, అలాంటి దారి చూసుకోండి. బ్లాస్టింగ్ వేళ ఎర్రజెండాతో ఆపితే హారన్ కొట్టొద్దు. బొగ్గు లారీ వెనకాల బైకు నడపొద్దు, కళ్లలో పడేది మామూలు దుమ్ము కాదు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు నలభై వేల దగ్గరున్నారు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాళ్లంతా ముసలివాళ్లయ్యారు. పొద్దున చౌరస్తా హోటళ్లలో చాయ్ ముందు కూర్చుని కనిపిస్తారు. ఏ ఇంక్లైన్ ఎక్కడ దిగుతుందో, ఏ రోడ్డు కింద ఏ సీము పోయిందో వాళ్లకు తెలుసు, గూగుల్ మ్యాపుకు తెలియదు. అందుకే అడుగుతున్నాను, ప్రతి కారులో ఒక సీటు ఖాళీగా ఉంచి అలాంటి ఒక్కరిని ఎక్కించుకోండి. ఎన్ని గంటలకు బయల్దేరుతున్నారో చెబితే మనుషులను నేను మాట్లాడి పెడతాను. ముందు సీటు ఇవ్వండి, వెనక కూర్చుంటే వాళ్లకు మోకాళ్లు ముడుచుకోవు.

మీ తాత