పిల్లల కూడుకి పెద్దమనుషుల లెక్కా?

మొగల్తూరు పేటల్లో మొగుడూ పెళ్లాం విడిపోతే పెద్దమనుషులు తగువు పెడతారు. 'ఇంత ఇచ్చి వదిలించుకో' అంటారు, కాగితం మీద తల్లి వేలిముద్ర తీసుకుంటారు. బిడ్డ బువ్వ, బడి, జ్వరం ఆ లెక్కలోకి రావు.

చట్టం లెక్క వేరు. 125వ సెక్షన్‌లో నెలకి 500 రూపాయలే అన్న హద్దు 2001లో పోయింది. 2024 జూలై నుంచి అదే హక్కు కొత్త సంహితలో 144వ సెక్షన్. కట్టిన రేటంటూ లేదు. తండ్రి రాబడి, ఆస్తి, అప్పులు, బిడ్డ అవసరాలు చూసి జడ్జి తేలుస్తాడు. ఇద్దరూ ఆదాయం లెక్క ప్రమాణం చేసి చెప్పాలని, అర్జీ పెట్టిన రోజు నుంచే భృతి ఇవ్వాలని 2020లో రజనీష్-నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'పనిలేదు' అంటే చెల్లదు, ఒళ్లు బాగున్నవాడు కూలి చేసైనా పోషించాలి. తాళి కట్టకుండా బిడ్డనిచ్చి పోయిన ఆసామీకీ ఇది తప్పదు.

చెరువు కూలికి జీతం చీటీ ఉండదు. అందుకే అక్కా, వాడెన్ని రోజులు పనికెళ్లాడో, రోజుకెంతో రాసి పెట్టుకో. ఎస్సీలకీ ఆడవాళ్లకీ 1987 చట్టం కింద వకీలు ఉచితం. నరసాపురం కోర్టులో అడుగు.

అన్నల్లారా! ఆసామి దగ్గర కూలి రేటుకి కొట్లాడే మనం, సొంత బిడ్డ కూటి దగ్గర నోరు మూసుకుంటే అది ఉద్యమమా?