బ్యాటరీ పోయిందనే ముందు

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలయ్యాయంటే ఇంటింటా వినపడే మాట ‘బ్యాటరీ పోయింది’. నాలుగు గంటలు తిరగాల్సిన ఫ్యాను గంటకే ఆగిపోతుంది, ఇన్వర్టర్ కీచుమంటుంది, పిలిస్తే వచ్చిన మెకానిక్ మూత తీసి ఒకసారి చూసి ఆ మాట అనేస్తాడు. పాతది ఎక్స్ఛేంజ్‌లో వెళ్లిపోతుంది, కొత్తది వస్తుంది, ఇంటివాళ్లకు పది పదిహేను వేలు వదులుతాయి. ఆ మాట అనకముందు ఎవరైనా ఏమైనా కొలిచారా అని మాత్రం అడిగేవాళ్లు ఉండరు. కొలవకుండా బ్యాటరీ మీద తీర్పు చెప్పడం తప్పని, కొలిచిన అంకెలను కాగితం మీద రాసివ్వమని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉండాలని నా వాదన.

డాబా మీద నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే మనం వెంటనే కొత్త ట్యాంకు కొనం. మోటారు ఎక్కిస్తోందా, పైపు ఎక్కడైనా కారుతోందా, ఎవరైనా కుళాయి కట్టేయడం మరిచారా అని చూస్తాం. ట్యాంకుకు చిల్లు పడిందన్న అనుమానం చివర వస్తుంది. బ్యాటరీ దగ్గర మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. చార్జర్ సరిగా ఎక్కించకపోయినా, వైరు సన్నదైనా, లోడ్ పెరిగినా బయటికి కనిపించేది ఒకటే, బ్యాకప్ తగ్గడం. అందుకే నేరమంతా బ్యాటరీ మీద పడుతుంది.

తేల్చుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా చార్జయి, లోడ్ లేకుండా కొన్ని గంటలు ఊరికే ఉన్నాక 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. 12.2 చూపితే దాదాపు సగమే ఉన్నట్టు. చార్జింగ్ జరుగుతుండగా కొలిస్తే అంకె మెల్లగా 14 దాటి 14.4 దరిదాపులకు చేరాలి. ఇప్పుడు అసలు పరీక్ష. ఇన్వర్టర్ వెనక టెర్మినల్ దగ్గర 14.4 ఉండి, అదే క్షణంలో బ్యాటరీ టెర్మినల్ మీద 13.4 ఉందనుకుందాం. ఆ ఒక్క వోల్టు దారిలో పోయింది. వైరు చివర బిగించే, చిలుము పట్టిన లగ్గులోనో, వదులైన నట్టులోనో, చవగ్గా వస్తుందని వేసిన సన్న వైరులోనో వేడిగా మారిపోయింది. ఇంటి కరెంటు 230 వోల్టుల్లో ఒక వోల్టు తగ్గినా ఎవరికీ తెలియదు. 12 వోల్టుల లెక్కలో మాత్రం బ్యాటరీ నిండడానికీ ఎన్నటికీ నిండకపోవడానికీ ఉన్న తేడా అంతే. వంటసోడా కలిపిన నీళ్లతో చిలుము కడిగి, నట్టు బిగించి, పైన కాస్త వ్యాజిలీన్ రాస్తే, వైరు సన్నదైతే దాన్ని మారిస్తే తీరిపోయే పని అది. అలా చేయకపోతే రోజూ అరకొరగా చార్జయ్యే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, బాగున్న బ్యాటరీ నిజంగానే చచ్చిపోతుంది. కొత్త బ్యాటరీనీ అదే లగ్గుకు బిగిస్తారు కాబట్టి దానికీ అదే గతి.

కొలత ప్రతిసారీ బ్యాటరీని నిర్దోషిగా తేల్చదు. హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లుల గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత, చూసినప్పుడు అయిదు ఒకలా ఉండి ఒకటి బాగా కిందికి ఉంటే, నిండా చార్జ్ చేసి మళ్లీ చూసినా అలాగే ఉంటే, ఆ సెల్ పోయినట్టే. అప్పుడు మార్చక తప్పదు. మన వేడి కూడా తక్కువది కాదు. కంపెనీలు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టే ఆయుష్షు, ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. రామగుండంలోనో రెంటచింతలలోనో గాలి ఆడని రేకుల గదిలో బ్యాటరీ పెడితే అది తొందరగా పోవడంలో వింత లేదు. కానీ కారణం తెలుసుకున్న ఇంటివాళ్లు కొత్తదాన్ని నీడపట్టున పెట్టుకుంటారు.

సోలార్ కలిసిన ఇళ్లలో చిక్కు ఇంకా పెరుగుతుంది. 72 సెల్లుల 330 వాట్ల ప్యానెల్ దాదాపు 37 వోల్టుల దగ్గర, 9 ఆంపియర్లకు కాస్త తక్కువగా ఇచ్చేలా తయారవుతుంది. దాన్ని చవకైన పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో ఒకే 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే, కంట్రోలర్ ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి లాగేస్తుంది. ఆంపియర్లు అంతే ఉంటాయి, వోల్టులు 13 అవుతాయి. 330 వాట్లకు డబ్బు పెట్టినవాళ్లకు దక్కేది 120 వాట్ల లోపే. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఎక్కువ వోల్టులను ఎక్కువ ఆంపియర్లుగా మార్చి ఆ నష్టాన్ని చాలావరకు తప్పిస్తుంది. పైగా ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువే వస్తుందన్నది సగం నిజమే. ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిపోతే రాసిన వాట్లలో దాదాపు ఏడో వంతు తగ్గుతుంది. ఇవేవీ చెప్పకుండా అమ్మి, సాయంత్రానికి బ్యాటరీ నిండకపోతే బ్యాటరీని మార్చమనడం అన్యాయం. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లు దాని లక్ష్యం, 3 కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ. అలా పెట్టించుకున్నాక, కరెంటు పోతే కప్పు మీద ప్యానెళ్లుండగా ఇల్లు చీకటవుతోందేమిటని చాలామంది అడుగుతున్నారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోవాలి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. దాన్ని లోపమని నమ్మించి ఏదో ఒకటి అమ్మేవాళ్లకు చోటివ్వకూడదు.

సామాన్యులు కరెంటు జోలికి వెళ్లడం ప్రమాదం కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ భయం సరైనదే. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పానా పడితే నిప్పులు చిమ్ముతుంది, చార్జయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది, వరసగా కలిపిన ప్యానెళ్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది. అందుకే విప్పడం, బిగించడం మెకానిక్‌కే వదిలేయాలి. ఇంటివాళ్లు చేయాల్సింది మీటరు పెట్టి చూపించమనడం, ఆ అంకె ఏం చెబుతోందో అడగడం. మరి పరీక్షలకు మెకానిక్‌కు తీరికేదీ, కొలిచినందుకు డబ్బులిచ్చేదెవరు అన్న ప్రశ్నలో నిజం ఉంది. బ్యాటరీ అమ్మితే కమీషన్ వస్తుంది, లగ్గు శుభ్రం చేస్తే నూరు రూపాయలు రావడమే కష్టం. ఈ తప్పులో మన వాటా కూడా ఉంది. డాక్టరుకు మందులతో నిమిత్తం లేకుండా ఫీజు ఇస్తున్నట్టే, లోపం కనిపెట్టిన మెకానిక్‌కు ఆ పనికే మర్యాదైన రుసుము ఇవ్వాలి. ఇక లిథియం పెట్టేసుకుంటే బాధ వదులుతుందన్న మాట పూర్తిగా నిలవదు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ చాలాసేపు 13.2 దగ్గరే నిలబడుతుంది కాబట్టి వోల్టు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపలి రక్షణ సర్క్యూట్ కట్ చేస్తే పూర్తిగా చచ్చినట్టు కనబడి, సరైన చార్జర్ తగిలించగానే లేస్తుంది. కొలవాల్సిన అవసరం అక్కడ ఇంకా ఎక్కువే.

ఇదంతా ఒక ఇంటి జేబు లెక్కతో ఆగదు. ఇన్వర్టర్ బ్యాటరీ బరువులో పెద్ద భాగం సీసమే. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి 2020లో ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉందని అంచనా వేసింది. అందులో మన దేశపు పిల్లలే 27 కోట్లకు పైగా. వాడేసిన బ్యాటరీలను పద్ధతి లేకుండా పగలగొట్టి కరిగించడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా అది చూపింది. పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. ఇంకా పనికొచ్చే బ్యాటరీని ఆ కొలిమి వైపు పంపకుండా చూసే బాధ్యత కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి. ఎక్స్ఛేంజ్‌లో తీసుకునే ప్రతి బ్యాటరీకి పరీక్ష అంకెలు బిల్లు మీద రాయాలని ప్రభుత్వం నిబంధన పెడితే డీలర్‌కు పట్టే సమయం ఎక్కువేమీ కాదు.

ఆ నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి మెకానిక్ ‘బ్యాటరీ పోయింది’ అంటే, చార్జింగ్‌లో ఇన్వర్టర్ దగ్గర ఎన్ని వోల్టులు, బ్యాటరీ దగ్గర ఎన్ని, ఆరు సెల్లుల గ్రావిటీ ఎంతెంతో రాసివ్వమనండి. కొలిచినందుకు అడిగిన డబ్బు ఇవ్వండి. రాసివ్వనంటే, పాత బ్యాటరీని గడప దాటనివ్వకండి.