మీటర్ సున్నా చూపిస్తే డెడ్ అయినట్టేనా?

రుద్రారం హైవే పక్కన మనం సాయంత్రాలు నిలబడే మిర్చి బజ్జీల బండి మూడు వారాలు మూతపడింది. అక్క ఊరికి పోయింది. తిరిగొచ్చి చూస్తే లైట్లు వెలగలేదు. "మంచిగనే పెట్టి పోయిన బిడ్డా, వచ్చేసరికి సచ్చిపోయింది" అంటూ లిథియం బ్యాటరీ చూపించింది. ఎవరో మీటర్ పెట్టి, సున్నా చూసి, "డెడ్, స్క్రాప్‌లో వేసెయ్" అన్నారట. మా బ్యాచ్‌లో ఒకడు ఇంకో అడుగు ముందుకేసి "బైక్ బ్యాటరీతో జంప్ కొడదాం మావా" అన్నాడు.

ఇద్దరిదీ తొందరే అని నా అభిప్రాయం. కొత్తది కొనాలంటే అక్కకి ఎన్ని రోజుల గిరాకీ పోతుందో లెక్కేసుకోండి.

ఇది 12 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ. విదేశాల్లో క్యారవాన్లలో లైట్లకీ ఫ్రిజ్‌కీ వాడే లిథియం లీజర్ బ్యాటరీల్లో ఎక్కువగా వచ్చే రకం ఇదే. లోపల 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరసగా ఉంటాయి. వాటికి కాపలా బీఎంఎస్ బోర్డు. ఏ ఒక్క సెల్ అయినా దాదాపు 2.5 వోల్టులకి పడిపోతే బోర్డు బయటికి కరెంట్ ఆపేస్తుంది. అప్పుడు టెర్మినల్స్ దగ్గర మీటర్ సున్నా చూపించొచ్చు, లోపల మాత్రం పది వోల్టుల దాకా ఉండొచ్చు. అంటే తలుపేసుకుని పడుకుంది, అంతే. మామూలు చార్జర్ పెడితే, అవతల బ్యాటరీ ఉందనే దానికి తెలియక స్టార్టే అవ్వదు. అక్కడే చాలామంది ఆశ వదిలేస్తారు.

కానీ ఆ నిద్రకీ గడువుంది. బోర్డు కూడా కొద్దికొద్దిగా కరెంట్ తాగుతూనే ఉంటుంది. అలా నెలలు వదిలేస్తే సెల్స్ మరీ కిందికి పడిపోయి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న వోల్టేజ్ గురించి కాదు, ఎన్నాళ్లుగా ఇలా పడుంది అని. మూడు వారాలంటే ప్రయత్నించొచ్చు. ఆర్నెల్లంటే నేను ముట్టుకోను. ఉబ్బినా, కారినా, వింత వాసన వచ్చినా అసలు చార్జింగ్ పెట్టకూడదు.

జంప్ ఎందుకొద్దన్నానంటే, నిండు బ్యాటరీ నుంచి ఖాళీదాంట్లోకి పోయే కరెంట్‌కి అడ్డూ అదుపూ ఉండదు. వైర్లు కాలతాయి. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న హోటల్‌ని కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. లిథియంతో వేళాకోళం వద్దనిపించడానికి నాకు అదొక్కటి చాలు.

మేం చేసింది చిన్న పనే. ముందు లోడ్లన్నీ పీకేశాం. ఫోన్ చార్జింగ్ సాకెట్ ఆన్‌లోనే ఉంది, దొంగ అదే! నిద్రపోయిన బ్యాటరీని లేపే మోడ్ ఉన్న ఎల్‌ఎఫ్‌పీ చార్జర్ సీనియర్ దగ్గర దొరికింది. తక్కువ కరెంట్‌తో మొదలుపెట్టి, వేడెక్కుతోందేమోనని పక్కనే కూర్చున్నాం. పూర్తిగా ఎక్కాక చార్జర్ తీసేసి, మర్నాడు చూస్తే 13.3 వోల్టులు. కెపాసిటీ ఎంత తగ్గిందన్నది కొన్నాళ్లు వాడితేగానీ తేలదు.

నిజంగానే పోయిన బ్యాటరీని కూడా పాత ఇనుము వాడికి ఇవ్వొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. నక్కవాగు ఏమైందో చూసిన పటాన్‌చెరు పక్కన ఉంటూ మనమే ఆ మాట మర్చిపోతే ఎలా?

అక్క ఇప్పుడు ఊరికి పోయేముందు వైరు పీకేసి పోతానంటోంది. పీకే ముందు సగానికి పైనే చార్జ్ ఉంచమని చెప్పాం.