రెండు ద్వారముల గృహము

మతాచార్యులకును రాజాస్థానములకును ఎట్టి సంబంధ ముండవలెనను ప్రశ్న మన దేశమున క్రొత్తగా పుట్టినది కాదు. ఏడువందల సంవత్సరములకు పూర్వమే, ఢిల్లీ చెంత ఘియాస్‌పురమను పల్లెలో నివసించిన సూఫీ మహనీయుడు నిజాముద్దీన్ ఔలియా దీనికి తన నడవడిచేతనే సమాధానము చెప్పెను.

ఆయన బదాయూను పట్టణమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా తల్లి బీబీ జులేఖా పేదఱికమున పెంచెను. ఇంట గింజ లేని నాడు, నేడు మనము భగవంతుని యతిథులమని యామె కుమారునితో ననుచుండెనట. అజోధనమునందు బాబా ఫరీదు నాశ్రయించి, చిష్తీ సంప్రదాయమున దీక్ష గొని, ఢిల్లీకి మరలి, 1325లో దేహము చాలించువఱకు ఆయన ప్రజల నడుమనే జీవించెను.

ఆ కాలమున ఢిల్లీ సింహాసనముపై సుల్తానులు ఒకరి వెనుక నొకరు మాఱిరి. ఆయన వారి యాదరమును కోరి కొలువున నిలిచినవాడు కాడు. అలావుద్దీన్ ఖిల్జీ దర్శనము గోరగా, తన యింటికి రెండు ద్వారములు గలవనియు, సుల్తాను ఒకదానిలో ప్రవేశించినచో తాను రెండవదానినుండి వెడలిపోదుననియు వర్తమాన మంపెనని ప్రతీతి. ప్రియశిష్యుడగు అమీరు ఖుస్రో ఆస్థానకవి కాడా యని కొంద ఱడుగుదురు. నిజమే. కాని జీవనోపాధి వేఱు, గురుపీఠము వేఱు. తన ప్రతినిధులుగా నియమించు శిష్యులు ప్రభుత్వోద్యోగము చేయరాదని ఆయన నియమము.

ఇది గర్వమని యెంచరాదు. రాజునకు మూసిన ద్వారము పేదలకు తెఱచియే యుండెను. వచ్చిన కానుకలు నిలువయుంచక పంచిపెట్టించి, శుక్రవారమునాటికి కొట్లు ఖాళీ చేయించుచుండెను. ఆకటితో అరుగులపై నిద్రించువారు జ్ఞప్తికి వచ్చి తనకు ముద్ద మ్రింగుడుపడదని చెప్పెడివాడట. శిష్యుడు హసన్ సిజ్జీ వ్రాసి యుంచిన ‘ఫవాయిద్ ఉల్ ఫుఆద్’ గ్రంథమున నీ బోధ గలదు: భక్తి రెండు విధములు. నమాజు, ఉపవాసము, హజ్ యాత్ర మొదలగునవి చేసినవానికే ఫలమిచ్చును. పరులకు మేలు గూర్చునది రెండవది, దాని ఫలమునకు మేర లేదు.

ఆయన గురువునకు గురువగు కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా 1947 అల్లర్లలో పాడుచేయబడెను. 1948 జనవరిలో గాంధీమహాత్ముడు నిరాహారదీక్ష బూని, ఆ స్థలము ముస్లిములకు నిర్భయముగా నుండవలెనని కోరెను; జనవరి 27న అచటి ఉర్సునకు స్వయముగా పోయెను. ఏ పదవియు లేని మనుష్యుని మాటకు ఢిల్లీ నగరము తలయొగ్గినది.

ఈ రెండు చరిత్రల సారము మాకొక్కటిగనే తోచుచున్నది. సర్వమతముల పుణ్యస్థలములను సమముగా కాపాడుట ప్రభుత్వ ధర్మము. ప్రభుత్వ ద్వారమున కాచుకొని యుండకుండుట మతాచార్యుల ధర్మము. ఎన్నికల తరుణమున ఆశీర్వచనములకై పీఠములకు పరుగిడు నాయకులును, వారి రాకను గౌరవముగా నెంచు పీఠాధిపతులును ఈ ధర్మమును మఱచుచున్నారు. ఏ మతమువాడైనను, తన గురువు ద్వారమున నిలుచున్నది పేదలో, అధికారులో ప్రతి పౌరుడును పరిశీలించి చూడవలెను. ఆ పరీక్షలో నెగ్గిన గురువే లోకమునకు గురువు.