ప్రమాణం అక్కడ, కొలువు ఇక్కడ: భయపడవలసినది దేనికి?

అమెరికాలో పౌరసత్వ ప్రమాణం చేసి పట్టుమని మూడు నెలలైనా కాకముందే, బెంగళూరులోనో హైదరాబాదులోనో మంచి ఉద్యోగం కుదిరిందని కుమారుడు ఫోను చేస్తాడు. వయసు పైబడిన తల్లిదండ్రులకు అంతకన్నా కావలసినది ఏముంటుంది? కాని సంతోషం వెంటే సందేహమూ గడప దాటి లోపలికి వస్తుంది. 'ఇంత త్వరగా తిరిగివస్తే ఇచ్చిన పౌరసత్వాన్ని వాళ్ళు వెనక్కి తీసుకోరా? కనీసం ఏడాదైనా అక్కడే ఉండాలట కదా!' అని బంధువులలో ఎవరో ఒకరు అంటారు. హోసూరు అయినా, బళ్ళారి అయినా, రాయగడ అయినా, యానాం అయినా, పిల్లలు విదేశాలలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఈ మాట తరచు వినబడుతున్నది.

ఈ సందేహం గాలిలోంచి పుట్టినది కాదు. ఒకప్పుడు అమెరికా చట్టమే ఆ మాట చెప్పింది. ఆ నిబంధన 1994లో రద్దయింది. భయం మాత్రం నేటికీ రద్దు కాలేదు. అంతకన్నా విచారించవలసిన విషయం మరొకటి ఉన్నది. లేని ప్రమాదాన్ని తలచుకొని దిగులుపడుతున్న కుటుంబాలు, ప్రమాణం చేసిన నాడే ఇక్కడ చేజారిన హక్కులను గురించి, ముఖ్యంగా పొలాన్ని గురించి, ఆలోచించడం లేదు.

అనుమానమే చట్టమైన కాలం

పుట్టుకతో కాక దరఖాస్తు ద్వారా పౌరులైన వారిని సహజీకృత పౌరులంటారు. వీరు పౌరసత్వ పత్రం చేతికందగానే సొంత దేశానికి వెళ్ళిపోతారేమోనన్న అనుమానం అమెరికా చట్టాలలో చాలాకాలం కనబడుతుంది. 1906 నాటి చట్టం ప్రకారం, పౌరసత్వం పొందిన ఐదేళ్ళలోపు మరో దేశంలో శాశ్వత నివాసం ఏర్పరచుకున్న వ్యక్తికి, అసలు దరఖాస్తు నాటికే అమెరికాలో ఉండే ఉద్దేశం లేదని భావించేవారు. కాదని నిరూపించుకోవలసిన భారం అతనిదే. 1952 నాటి చట్టం మరింత ముందుకు వెళ్ళి, సహజీకృత పౌరుడు తాను పుట్టిన దేశంలో వరుసగా మూడేళ్ళు నివసిస్తే పౌరసత్వమే పోతుందన్నది.

భారతీయుల పరిస్థితి ఇంకా దయనీయం. శ్వేతజాతీయులు కారన్న కారణంతో వారికి అసలు పౌరసత్వార్హతే లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1921లో పౌరసత్వం పొంది శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణో దాస్ బాగాయ్ ఆ తీర్పు ఫలితంగా దానిని కోల్పోయారు. స్వదేశానికి ఒకసారి వచ్చి వెళ్దామంటే అమెరికా పాస్‌పోర్టు నిరాకరించారు. ఏ బ్రిటిష్ పాలనను కాదని వచ్చారో, ఆ బ్రిటిష్ పాస్‌పోర్టుతోనే ప్రయాణం చేయమన్నారు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. భారతీయులకు పౌరసత్వార్హత 1946లో గాని లభించలేదు.

నివాసానికి సంబంధించిన అనుమానాన్ని మొదట గట్టిగా దెబ్బతీసినది 1964 నాటి ష్నైడర్ తీర్పు. జర్మనీలో పుట్టి, చిన్నతనంలో అమెరికా వచ్చి, తల్లి ద్వారా పౌరురాలైన ఆమె, జర్మన్ దేశస్థుని వివాహమాడి అక్కడే కాపురం పెట్టినందుకు పౌరసత్వం పోయిందని ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. పుట్టుకతో పౌరుడైన వాడు విదేశంలో ఎంతకాలమున్నా పోని హక్కు, సహజీకృత పౌరునికి మాత్రం పోవడమంటే అతనిని రెండవ తరగతి పౌరునిగా చూడడమేనని తేల్చింది. 1967లో అఫ్రోయిమ్ కేసులో, పౌరుడు తానుగా వదులుకుంటే తప్ప ప్రభుత్వం పౌరసత్వాన్ని ఊడబెరకజాలదన్న సూత్రం స్థిరపడింది. ఇక మిగిలినది ఐదేళ్ళ నిబంధన. అది 1986లో ఏడాదికి తగ్గి, 1994లో పూర్తిగా తొలగిపోయింది. మన బంధువుల నోట నేటికీ వినబడే 'ఏడాది' అన్న మాటకు మూలం అదే.

నేడు పరిశీలించేది ఏమిటి?

కనుక ప్రమాణం చేసిన మరునాడే విమానమెక్కినా, ఆ ఒక్క కారణంతో అమెరికా పౌరసత్వం పోదు. అయితే దరఖాస్తులో చెప్పిన మాటలు నిజమై ఉండాలి. సాధారణంగా గ్రీన్ కార్డుతో ఐదేళ్ళు అక్కడ నివసించి, అందులో కనీసం 30 నెలలు స్వయంగా ఆ గడ్డమీద ఉన్నవారికే అర్హత. అప్పటికే మకాం ఇక్కడికి మార్చి, ఆ సంగతి దాచి ప్రమాణం చేసిన వారికే చిక్కు. ఇంటర్వ్యూకూ ప్రమాణానికీ మధ్య విదేశ ప్రయాణం చేశారా అని ప్రమాణం నాడు కూడా అడుగుతారు. అక్కడ అబద్ధమాడరాదు.

2025 జూన్‌లో అమెరికా న్యాయశాఖ సివిల్ విభాగం పౌరసత్వ రద్దు కేసులకు ప్రాధాన్యమివ్వాలని తన న్యాయవాదులను ఆదేశించడంతో పాత భయం మళ్ళీ మేల్కొన్నది. ఆ ఆదేశంతో చట్టం మారలేదు. మోసం లేదా అక్రమం జరిగిందని ప్రభుత్వమే కోర్టులో బలమైన సాక్ష్యంతో నిరూపించాలి. చెప్పిన అబద్ధానికీ పౌరసత్వం లభించడానికీ సంబంధం ఉండాలని 2017లో మాస్లెన్యాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. కాగా, ఇటువంటి కేసులకు కాలపరిమితి లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పాత దరఖాస్తు ప్రతులను, పన్నుల పత్రాలను, ప్రయాణాల తేదీలను భద్రపరచుకోవడం వివేకం.

ఒకే ఇంట్లో రెండు న్యాయాలు

చిక్కు తరచు భర్త విషయంలో కాక భార్య విషయంలో వస్తుంది. అతడు పౌరుడు, ఆమె ఇంకా గ్రీన్ కార్డుదారు. ఇద్దరూ కలిసి బెంగళూరు వస్తారు. అతడు పదేళ్ళు ఉన్నా పోయేదేమీ లేదు. ఆమె ముందుగా పునఃప్రవేశ అనుమతి తీసుకోకుండా ఏడాదికి మించి ఉంటే గ్రీన్ కార్డు చేజారే ప్రమాదమున్నది. ఆ అనుమతి కూడా సాధారణంగా రెండేళ్ళవరకే. ఉద్యోగం ఐదేళ్ళదైతే, ఆమె పౌరసత్వం కూడా పూర్తయ్యాక బయలుదేరడమా, లేక గ్రీన్ కార్డును వదులుకోవడమా అన్నది ముందే తేల్చుకోవాలి.

పిల్లల సంగతీ అంతే. తల్లిదండ్రులలో ఒక్కరే అమెరికా పౌరులై, బిడ్డ ఇక్కడ పుడితే, ఆ ఒక్కరు బిడ్డ పుట్టేనాటికి మొత్తం ఐదేళ్ళు, అందులో 14 ఏళ్ళు నిండిన తరువాత రెండేళ్ళు, అమెరికాలో ఉండి ఉండాలి. ఇద్దరూ అమెరికా పౌరులైతే ఇక్కడ పుట్టిన బిడ్డ భారత పౌరుడు కాడు. ఈ నేలమీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం వచ్చే రోజులు పోయాయి.

ఇక తల్లిదండ్రులను తీసుకువెళ్ళే ఆలోచన. పౌరుడు తన తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు కోరవచ్చు. వారికి ఏళ్ళ తరబడి వరుస లేదు. కాని పోషణకు హామీ పత్రమిచ్చే కుమారునికి అమెరికాలో నివాసం ఉండాలి, లేదా తిరిగి ఏర్పరచుకుంటున్నట్లు చూపాలి. ఇక్కడ స్థిరపడి అక్కడికి పంపుతానంటే కుదరదు.

ఇక్కడ ఏమి పోయింది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం, తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం పొందిన క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. వేరే ఉత్తర్వు అక్కరలేదు. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వాన్ని వదులుకున్నారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

పాత పాస్‌పోర్టు బీరువాలో ఉన్నంత మాత్రాన అది చెల్లదు. దానిని అప్పగించి ధ్రువపత్రం తీసుకోవాలి. దానితో ప్రయాణం చేయడం నేరం. తిరిగివచ్చి ఉద్యోగం చేయదలచినవారు ముందుగా ఓసీఐ కార్డు పొందాలి. 2006 జనవరిలో హైదరాబాదు ప్రవాసీ భారతీయ దివస్‌లో ఆరంభమైన ఈ ఏర్పాటు వల్ల, వీసా లేకుండా ఎంతకాలమైనా ఇక్కడ ఉండవచ్చు, ప్రైవేటు కొలువు చేయవచ్చు. కార్డు రాకముందే తొందరపడి పర్యాటక వీసామీద వచ్చి ఉద్యోగంలో చేరరాదు.

అయితే ఓసీఐ పౌరసత్వం కాదు. ఓటు లేదు, సర్పంచి పదవికి పోటీ చేసే హక్కు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. గ్రీన్ కార్డుతో ఉన్నంతకాలం అతడు భారత పౌరుడే. ప్రవాస ఓటరుగా నమోదై, ఊరికి వచ్చి ఓటు వేసే హక్కు ఉండేది. ప్రమాణంతో అది పోయింది.

రైతు కుటుంబాలను నేరుగా తాకేది భూమి. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం, విదేశంలో నివసించే ఓసీఐ కార్డుదారు ఇల్లు కొనవచ్చు గాని సాగుభూమి, తోట, ఫాంహౌసు కొనరాదు. కొనడమే కాదు, దానంగా కూడా పుచ్చుకోరాదు. మన పల్లెలలో తండ్రి బతికుండగానే దానపత్రం ద్వారా కొడుకు పేర పొలం రాయడం మామూలే. కొడుకు అమెరికా పౌరుడైతే ఆ పత్రం నిబంధనలకు విరుద్ధం. అదే పొలం వీలునామా ద్వారానో వారసత్వంగానో సంక్రమిస్తే అభ్యంతరం లేదు. ప్రమాణానికి ముందు భారత పౌరునిగా ఇక్కడ ఉన్నప్పుడు కొన్నదీ అతనిదే. అమ్మదలిస్తే మాత్రం సాగుభూమిని భారతదేశంలో నివసించే భారత పౌరునికే అమ్మాలి. సరిహద్దు దాటితే పట్టా భాష మారుతుంది, కొలతల పేర్లు మారుతాయి. ఈ నిబంధన మాత్రం కేంద్రానిది గనుక అటూ ఇటూ ఒక్కటే. అన్నదమ్ముల మధ్య భాగ పరిష్కారాలు చేసుకునేవారు రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళేముందు న్యాయవాదిని సంప్రదించడం మేలు.

పన్ను విషయం కూడా ఇంటిదాకా వస్తుంది. అమెరికా తన పౌరులు ఎక్కడ సంపాదించినా లెక్క అడుగుతుంది. 1989 నాటి ఒప్పందం వల్ల ఒకే ఆదాయంపై రెండుసార్లు భారం పడకుండా ఊరట లభించినా, లెక్క చూపడం తప్పదు. విదేశీ ఖాతాలన్నింటి నిల్వ ఏడాదిలో ఏ ఒక్కనాడైనా 10,000 డాలర్లు దాటితే వేరుగా తెలపాలి. తండ్రి తన డిపాజిట్టులో ఉమ్మడి పేరుగా కొడుకును చేర్చిన ఖాతా కూడా ఆ లెక్కలోకి వస్తుంది. సదుద్దేశంతో రాసిన పేరు కొడుకుకు జరిమానా కాకూడదు.

మన చట్టం అద్దంలో

అమెరికా అనుమానాన్ని నిందించే ముందు మన చట్టాన్నీ చూడాలి. భారత పౌరసత్వాన్ని నమోదు ద్వారానో సహజీకరణ ద్వారానో పొందిన వ్యక్తి వరుసగా ఏడేళ్ళు విదేశంలో నివసిస్తే, దానిని రద్దు చేసే అధికారం పదవ సెక్షను కింద కేంద్రానికి నేటికీ ఉన్నది. విద్యార్థులకు, ప్రభుత్వ సేవలో ఉన్నవారికి, పౌరసత్వం నిలుపుకుంటామని ఏటా రాయబార కార్యాలయంలో నమోదు చేసుకునేవారికి మినహాయింపు ఉన్నది. మన ఇంటి కోడలై భారత పౌరసత్వం తీసుకున్న విదేశీ వనిత, భర్త వెంట దుబాయి వెళ్ళినా ఈ నిబంధన ఆమెకు వర్తిస్తుంది. అమెరికా 1994లో వదిలిన అనుమానాన్ని మనం ఇంకా దాచుకున్నాం. పార్లమెంటు దీనిని పునరాలోచించవలసి ఉన్నది.

సంతకం ఎంత దూరం వెళుతుందో యానాం పెద్దలకు తెలుసు. 1956లో కుదిరిన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలచిన స్థానికులకు ఆరు నెలల గడువిచ్చారు. గడువులోగా కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగా మిగిలారు, కోరుకోనివారు భారతీయులయ్యారు. ఉన్న ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. మనుమల పాస్‌పోర్టులు మాత్రం వేరయ్యాయి. ఆనాటి వారికి ఆలోచించుకోవడానికి ఆరు నెలలు దొరికాయి. నేటి మన పిల్లలకు దరఖాస్తుకూ ప్రమాణానికీ మధ్య నెలల తరబడి వ్యవధి దొరుకుతున్నది. భార్య కార్డు, పుట్టబోయే బిడ్డ, తండ్రి పొలం, ఉమ్మడి ఖాతా అనే నాలుగింటినీ ఆ వ్యవధిలోనే ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకుంటే, ప్రమాణం తరువాతి ప్రయాణానికి ఎవరూ భయపడవలసిన పని ఉండదు.