బోర్డు పేరు, నోటి పేరు

మా పొదిలిలో మా వీధికి రెండు పేర్లున్నాయి. ఒకటి బోర్డు మీదది, రెండోది నోట్లోది. బోర్డు మీది పేరు ఒక నాయకుడిది. నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో ముచ్చటగానే ఉంటుంది. ఆయన మంచివాడే, కాదనను. నోట్లో ఉన్న పేరు మాత్రం ఒక బావిది. అసలు పేరు రాస్తే మా ఊరి ఆడవాళ్ళు "ఓహో, ఈమేనా!" అని పట్టేస్తారు గనుక ప్రస్తుతానికి బావి వీధి అనుకోండి. ఆ బావిని పూడ్చేసి ఏళ్ళు గడిచాయి. దాని మీద సిమెంటు అరుగు, అరుగు పక్కన వరసగా మోటారు సైకిళ్ళు. అయినా మాది బావి వీధే.

బోర్డు పెట్టిన రోజు పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, లడ్లు పంచారు. మేమూ తిన్నాం. తిని, మర్నాడు పొద్దున పాలవాడితో బావి వీధి అనే అన్నాం.

మావారికి ఇది గిట్టదు. "చదువుకున్నదానివి, నువ్వే ఇలా అంటే ఎలా? ప్రభుత్వం వారు పెట్టిన పేరును గౌరవించొద్దూ?" అంటారు. ఆయన ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నదే ఆయనకు లోకం. ఆయనకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇదిగో, మీ ముందుకు వచ్చాను. మీరే చెప్పండి న్యాయం.

గౌరవం సంగతి తరువాత. ముందు అవసరం సంగతి చెబుతాను. పోయినేడు ఎండల్లో, మా పక్కింటి పెద్దమ్మ రాత్రి పదకొండింటప్పుడు వంటింట్లో పడిపోయింది. ఇంట్లో ఉన్నది ఆమె మనవడొక్కడే. హైదరాబాదులో చదివే పిల్లవాడు, సెలవులకు వచ్చాడు. పాపం, తెలివిగలవాడే. వెంటనే ఆంబులెన్సుకు ఫోన్ చేసి, మామ్మ ఆధార్ కార్డు తీసి, దాని మీదున్న వీధి పేరు స్పష్టంగా చదివి చెప్పాడు. ఆ బండి వాళ్ళు ఊరంతా చుట్టారు. పెద్ద బస్టాండుకు వెళ్ళారు, చిన్న బస్టాండుకు వెళ్ళారు, దర్శి రోడ్డు మీద కొంతదూరం పోయి వెనక్కొచ్చారు. అడిగిన వాడల్లా "ఆ పేరు మేం యినలేదే" అన్నవాడే. చివరికి మూసేస్తున్న టీకొట్టు దగ్గర ఆగి ఇంటివాళ్ళ పేరు చెబితే, ఆ కొట్టతను, "ఓరి నీ! బావి వీధి అని చెప్పరాదా? ఎనక్కి తిప్పు" అన్నాడట. ఇరవై నిమిషాలు! పెద్దమ్మ గట్టి పిండం గనుక బతికి బట్టకట్టింది. ఇప్పటికీ ఆ బోర్డు కింద నుంచి పోతూ దానికేసి ఒక చూపు చూసి మరీ పోతుంది.

డ్రైవరుది తప్పా? పిల్లవాడిది తప్పా? ఇద్దరిదీ కాదు. పేరనేది నలుగురూ పిలిస్తేనే పేరు. పిలవని పేరు పీటల మీద కూర్చోని పెళ్ళికొడుకులాంటిది. బాజాలు మోగుతాయి గాని పెళ్ళి కాదు.

పాత పేర్లు పెట్టినవాళ్ళు పెద్ద మేధావులేమీ కారు. ఒంగోలులో కర్నూలు రోడ్డు అన్నారంటే అది కర్నూలు వైపు పోతుంది గనుక. సంతపేట, లాయరుపేట, మంగమూరు డొంక, ఏదైనా అంతే. డొంక అనే మాటలోనే ఒకప్పుడు అది బండ్లు పోయే బాట అని ఉంది. విజయవాడలో బందరు రోడ్డుకి మహాత్మా గాంధీ రోడ్డు అని పేరు పెట్టారు. ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు. ఆయనెవరో తెలిసినవాళ్ళు కూడా "ఏలూరు రోడ్డులో చీరలు చూసొద్దాం పదండి" అనే అంటారు. మార్క్స్ రోడ్డులో చీరలు కొన్న ఇల్లాలు నాకింతవరకు తారసపడలేదు. సికిందరాబాదులో జేమ్స్ స్ట్రీటు కూడా గాంధీగారి రోడ్డే అయింది. ఇలా ఊరికో గాంధీ రోడ్డు పెట్టుకుంటూ పోతే ఏ ఊళ్ళో ఉన్నామో మనకెలా తెలియాలి?

"అయితే మహానుభావుల పేర్లు ఎక్కడా పెట్టకూడదా?" అని మావారు లేస్తారు. ఎందుకు పెట్టకూడదు? నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో నెల్లూరు నుంచి మమ్మల్ని, కర్నూలు నుంచి మార్కాపురం వైపు వాళ్ళని, గుంటూరు నుంచి ఒంగోలు వైపు వాళ్ళని తెచ్చి ఒంగోలు జిల్లా అన్నారు. రెండేళ్ళు తిరగ్గానే, 1972లో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. బళ్ళో పలక మీద జిల్లా పేరు రెండుసార్లు మార్చి రాశాం. మా అమ్మమ్మ మాత్రం పోయేదాకా "మనం నెల్లూరు జిల్లా వాళ్ళమే" అన్నది, అది వేరే సంగతి. కాని ఆ ప్రకాశం పేరు ఎంత చక్కగా నాటుకుందో చూడండి. ఏ పల్లెటూరి ముసలమ్మనడిగినా ప్రకాశం జిల్లా అనేది. కృష్ణ మీద పాత ఆనకట్ట స్థానంలో 1957లో కట్టిన బ్యారేజికీ ఆయన పేరే. దాన్నెవరూ మరో పేరుతో పిలవరు.

ఎందుకంటారు? ఆ జిల్లా కొత్తది, ఆ బ్యారేజి కొత్తది. పుట్టిన బిడ్డకి పేరు పెట్టారు, అది నిలిచింది. నెల్లూరు జిల్లాకు 2008లో పొట్టి శ్రీరాములుగారి పేరు చేర్చారు. 1952లో మన రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషి! ఆయన మీద నెల్లూరు వాళ్ళకు భక్తి లేకనా, అందరూ ఉత్త నెల్లూరు జిల్లా అనే అంటున్నారు? కాదు. ఎప్పటినుంచో ఉన్నదానికి కొత్తగా బారసాల చేశారు, అంతే తేడా. ఇక ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చే చోద్యం ఒకటి. విజయవాడలో డాక్టరు చదువుల విశ్వవిద్యాలయానికి 2022లో ఒక పేరు తీసి ఇంకొకటి పెట్టారు. 2024లో దాన్ని తీసి మళ్ళీ పాతది పెట్టారు. ఇద్దరూ ముఖ్యమంత్రులుగా చేసిన పెద్దమనుషులే. వాళ్ళని గోడ గడియారంలో పిట్టల్లా లోపలికి బయటికి తిప్పడం గౌరవమా, చెప్పండి.

ఈ బారసాలల బాధ ఆడవాళ్ళకి తెలిసినంతగా మగవాళ్ళకి తెలియదు. నా పేరూ మా అత్తగారి పేరూ ఒకటే కావడంతో, కాపురానికొచ్చిన వారంలో నాకు వేరే పేరు పెట్టారు. నన్నడగలేదు. మంచి పేరే, దేవత పేరే! పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు. బడి సర్టిఫికెట్టులో నాన్న ఇంటిపేరు, రేషను కార్డులో వీరి ఇంటిపేరు. ఆ ఇద్దరూ ఒకతే అని నిరూపించడానికి నోటరీ దగ్గర ఎన్ని కాగితాలు రాయించానో! మా అమ్మ మాత్రం చివరిదాకా నా పాత పేరుతోనే కేకేసింది. ఆ కేక వింటే ప్రాణం లేచొచ్చేది. బోర్డు మీద ఏముంటేనేం, నేను బావి వీధి అన్నప్పుడల్లా మా అమ్మ చేసిన పనే చేస్తున్నాననిపిస్తుంది.

అన్నట్టు, మీ ఊళ్ళో కొత్త బోర్డులు ఒకసారి లెక్కపెట్టి చూడండి. అందులో ఆడవాళ్ళ పేర్లెన్ని? విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పాత పేర్లే నయం. హైదరాబాదులో హయత్‌నగర్ హయాత్ బక్షీ బేగం పేరున వెలిసింది. మాసాబ్ ట్యాంకు అంటే మా సాహెబా చెరువు. అదీ ఆవిడ పేరేనంటారు. చెరువు లేదు, రాణి లేదు, బస్సు కండక్టరు నోట మాత్రం రోజూ ఆమె పేరు పలుకుతోంది.

ఇంతవరకు రాసి మా కోడలికి చదివి వినిపించాను. ఆ పిల్ల టీచరు, మాట తిన్నగా అడుగుతుంది. "బాగుందత్తయ్యా. మరి ఊరి చివర కులం పేరుతో పిలిచే వీధి సంగతేంటి? అదీ పాత పేరేగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నాకు వెంటనే నా చిన్ననాటి స్నేహితురాలు గుర్తొచ్చింది. ఆరు నుంచి పది దాకా ఒకే బల్ల మీద కూర్చున్నాం. సెలవుల్లో ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. తన అడ్రసు కింద ఎప్పుడూ వీధి పేరు రాసేది కాదు. ఏ మేష్టారి పేరో రాసి, కేరాఫ్ అని పెట్టేది. మతిమరుపనుకున్నాను! ఆ వీధికి మేం పెట్టిన పేరు, మేం రోజుకు పదిసార్లు తేలిగ్గా అనే పేరు, ఆ అమ్మాయి తన చేత్తో రాసుకోలేకపోయిందని నాకు ఎన్ని దశాబ్దాలకు తట్టింది! ఆ పేటవాళ్ళు ఆ తరువాత తామే కూడి, తమకు నచ్చిన మహనీయుడి పేరు పెట్టుకున్నారు. ఊళ్ళో మనవాళ్ళు మాత్రం ఇంకా పాత మాటే అంటారు. అలవాటట! నా బావి వీధి అలవాటూ వాళ్ళ అలవాటూ ఒకటి కాదు. నా వీధి పేరు నేను పలుకుతున్నాను. వాళ్ళ వీధి పేరు మేమెవరం పలకడానికి?

ఇలాంటి పేర్లు తీసేస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో, తమిళనాడు ప్రభుత్వం 2025లో నిర్ణయాలు చేశాయి. చెయ్యాల్సిందే. పాత పేరు మీద ప్రేమ అంటూ ఎవరైనా అడ్డొస్తే, అది ఏ ప్రేమో కాస్త గట్టిగా అడగాలి. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడి రెండు నెలలు కూడా నిండలేదు. దాని ముందు అంబేద్కరుగారి పేరు చేరుస్తామన్నారు. కోనసీమ అన్న మాట ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. అయినా మే 24న అమలాపురంలో మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబెట్టారు. అది ఊరి పేరు మీద మమకారం అంటే నేను నమ్మను. నా బావి వీధి మాటను ఆ జాబితాలో కలిపితే ఒప్పుకోను.

కాబట్టి మావారికీ, ఆయనలాంటి కాగితం మనుషులకీ నేను చెప్పేది ఒకటే. ఆ వీధిలో ఉండేవాళ్ళనడగండి. వాళ్ళు వద్దన్న పేరు తీసెయ్యండి, మేమూ నోరు మార్చుకుంటాం. నా మట్టుకు నేను మార్చుకున్నాను. మొదట్లో నాలుక తడబడింది, ఇప్పుడు అలవాటైంది. కాని ఎవరూ అడగకుండా, ఎవరికీ నొప్పి లేని బావిని తీసి నాయకుణ్ణి నిలబెట్టకండి. మా ఊరు పంచాయతీ పోయి నగర పంచాయతీ అయ్యాక కొత్త ప్లాట్లు ఎన్ని లేచాయో! మొదటి లైను, రెండో లైను అని అంకెలతో బతుకుతున్నాయి పాపం. నాయకులను అక్కడికి తీసుకెళ్ళండి. పుట్టిన బిడ్డలు పేరు కోసం చూస్తున్నారు.

మొన్న మా మనవరాలి పెళ్ళి శుభలేఖలు అచ్చు వేయించడానికి ప్రెస్సుకు వెళ్ళాను. కుర్రాడు ప్రూఫు చూపిస్తూ, "అమ్మా, అడ్రసులో వీధి పేరు ఏది వేయమంటారు? బోర్డుదా, పాతదా?" అన్నాడు. మావారు పక్కనే ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"పాతదే వెయ్యి. చుట్టాలు ఇల్లు కనుక్కోవద్దూ?" అన్నారు మావారు.

నేను ఆయనకేసి చూసేలోపే ఆ కుర్రాడు నవ్వి, "మీ వీధి శుభలేఖలన్నీ అట్టాగే ఏస్తన్నాం లెండి. పోయిన నెల ఆయన కూడా పాతదే ఎయ్యమన్నాడు" అంటూ టేబులు కింద నుంచి ఒక కార్డు తీసి చూపించాడు.

చూద్దును కదా, ఆ రోజు మా వీధిలో రిబ్బను కత్తిరించిన పెద్దమనిషిగారి కూతురి పెళ్ళి కార్డు. కింద బంగారు అక్షరాలతో, బావి వీధి, పొదిలి.