ఇంజిన్ లైటు వెలిగితే మనమే చదువుకుందాం

మన ఇళ్ళలో కారు ఎవరు నడిపినా, దాని రిపేరు గురించి మాట్లాడేది మాత్రం మగవాళ్ళే. పిల్లల్ని ట్యూషన్‌కి దింపేది మనం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది మనం. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలగగానే మాత్రం "ఆయన వచ్చాక చూస్తార్లే" అంటాం. ధైర్యం చేసి మనమే షెడ్డుకి వెళ్తే, "సార్‌కి ఒకసారి ఫోన్ చేసిస్తారా మేడమ్?" అంటారు. ఈ పద్ధతి మారాలండీ. అందుకు మనం మెకానిక్కులం కానక్కర్లేదు. ఆ లైటు ఏం చెబుతోందో చదవడం వస్తే చాలు.

ఇంజిన్‌లో ఏదైనా తేడా వస్తే కారులోని కంప్యూటర్ ఒక కోడ్ రాసిపెట్టుకుని లైటు వెలిగిస్తుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఇది ఒకే రకంగా ఉండాలని నియమం పెట్టారు. మన దగ్గర 2013 నుంచి ఆ పద్ధతి వచ్చింది. స్టీరింగ్ కింది భాగంలో 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. వెయ్యి, రెండు వేలల్లో దొరికే ఓబీడీ స్కానర్ దానికి గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే కోడ్ కనిపిస్తుంది.

దాన్ని చదవడం సంధి విడదీసినంత తేలిక. పి0302 అని వచ్చిందనుకోండి. 'పి' అంటే ఇంజిన్, గేర్‌బాక్సు వైపు సమస్య. సున్నా అంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్. 3 అంటే ఇంధనం సరిగా అంటుకోవడం లేదు. చివరి 02 అంటే రెండో సిలిండర్.

అయితే కోడ్ జ్వరం లాంటిది. రోగం పేరు చెప్పదు. పోయిన ఏడాది మా కారుకి ఈ కోడే వచ్చింది. షెడ్డులో నాలుగు ఇగ్నిషన్ కాయిల్సూ మార్చేద్దామన్నారు. "రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి పెట్టి చూడండి" అన్నాను. అలా పెట్టి నడిపితే కోడ్ పి0303గా మారింది. కాయిల్‌తో పాటు తప్పూ అటు వెళ్ళిందంటే పోయింది ఆ ఒక్క కాయిలే. కోడ్ మారకుండా ఉంటే ప్లగ్గో, ఇంజెక్టరో చూడాల్సి వచ్చేది. పది నిమిషాల పరీక్షతో మూడు కాయిల్స్ డబ్బు మిగిలింది.

పి0171 కూడా అంతే. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని దాని అర్థం. ఆ సంగతి చెప్పిన ఆక్సిజన్ సెన్సార్‌నే మార్చేస్తుంటారు కొందరు. ఒక రబ్బరు గొట్టం చీలి గాలి లాగుతున్నా అదే కోడ్ వస్తుంది. కబురు తెచ్చినవాడిని కొడితే లాభమేంటి?

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే ఇంటికి చేరుకుని త్వరలో చూపించుకోవచ్చు. మిణుకు మిణుకుమంటుంటే మాత్రం వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపేయండి. మండని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి అది మార్చాలంటే ఖర్చు చాలా ఎక్కువ. ఎర్రటి ఆయిల్ బొమ్మ వెలిగితే ఇంకో ఆలోచన వద్దు, వెంటనే ఇంజిన్ ఆపాలి.

ఇంకో మాట. స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది కానీ రోగం పోదు. తప్పు వచ్చిన క్షణంలో వేగమెంత, వేడి ఎంత అన్న వివరాలు కూడా చెరిగిపోతాయి. ముందు ఫోటో తీసిపెట్టుకోండి.

మెకానిక్‌ని దొంగలా చూడమని కాదు నేననేది. చేతిలో పనున్నవాడికి ఎప్పుడూ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ కూరగాయలు ఏరుకుని కొనే మనం, వేల రూపాయల బిల్లుకి తలూపి రావడమేంటి? మూడు ప్రశ్నలు అడుగుదాం. కోడ్ ఏమొచ్చింది? ఈ పార్టే పోయిందని ఏ పరీక్షతో తేల్చారు? మార్చిన పాత పార్టు చూపిస్తారా? మంచి మెకానిక్ వీటికి సంతోషంగా జవాబు చెబుతాడు. రెండోసారి వెళ్ళినప్పుడు సార్‌కి ఫోన్ చెయ్యమనడు.

ఈ ఆదివారం మీ కారులో ఆ సాకెట్ ఎక్కడుందో వెతికి చూడండి. అమ్మాయి లైసెన్సు తీసుకునే వయసుకి వచ్చి ఉంటే, తననీ పక్కన కూర్చోబెట్టుకోండి.